జెల్ల గొంతు కోసం ఆగిన కపిల

సముద్రపు లోతుల్లోని ప్రాణికి సైతం స్వరమిచ్చిన దేవునికి మహిమ. ఆయన కృప వల్లే ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను ఆళ్లగడ్డలో బడిపంతులిని. మా అక్క భర్త నంద్యాలలో పుట్టినా, కోస్తాలో చేపల పరిశోధన చేసేవాడు. రబ్బరు తొడిగిన మైకును సముద్రంలోకి దించి, ఏ చేపలు ఎక్కడ గుంపు కడతాయో చప్పుళ్లను బట్టి రాసుకునేవాడు. పై అధికారి ఆ టేపులు విని, "ఇవి జెల్ల చేపల మూలుగులు కావు, పడవ చెక్కల మోతలు" అని కొట్టిపారేశాడు. సొంతూరికి వచ్చిన బావ సెలవు ముగిసేలోగా రుజువు చూపకపోతే ఆ పని ఆగిపోతుంది. పడవ లేని చోట, వేరే చేప లేని నీళ్లలో జెల్ల మూలుగు పట్టాలి.

కుందూ నదిలో దొరికిన జెల్లను కుండలో పెట్టుకుని నంద్యాల నుంచి బస్సులో వచ్చాడు. మా బడి వెనక ఒక రైతు కొత్తగా తవ్వించిన బావిలో చేపలు లేవు. కానీ నీళ్లు తోడేందుకు ఎద్దులు లాగే కపిల కిర్రుమంటూనే ఉంది.

"చేప మాట్లాడ్తాదంట, వినేకి ఇద్దరు సదువుకున్నోళ్లు!" రైతు నవ్వాడు. "చేను ఎండుతాంది అయ్యోరూ. ఎద్దులు మేత తినేంతసేపు ఆపుతా. అంతే."

బుట్టలో జెల్లను, పక్కనే మైకును దించాం. టేపు కొద్దిగానే మిగిలింది. చేప పలకలేదు. మేత సగం అయిపోయింది. చెవులకు యంత్రం తగిలించుకుని కూర్చున్న బావ ఉన్నట్టుండి చెయ్యెత్తాడు. మూలిగింది!

"స్తోత్రం ప్రభువా!"

సంఘంలో అలవాటైన నోరు. నా కేక బావి అంతా మోగింది.

"ఏంది బామ్మర్దీ! దాని గొంతు మీద నీ గొంతు పడిందే!" బావ ముఖం పాలిపోయింది.

రైతు అప్పటికే ఎద్దులను కపిలకు కట్టబోతున్నాడు. చేతులు జోడించాను. "తప్పు నాదప్పా. ఇంకొంచెం సేపు..."

"ఈతూరి నోట్లో గుడ్డ పెట్టుకో అయ్యోరూ. వీటికి నీళ్లు తాపుకోని వస్తా."

నిజంగానే కండువా నోట్లో కుక్కుకున్నాను. నోరు కదపకుండా ప్రార్థించడం నాకదే మొదలు. ఎద్దులు తొట్టిలోంచి తలలెత్తుతుండగా బావ మళ్లీ చెయ్యెత్తాడు. ఒక వేలు, రెండు, మూడు. టేపు అయిపోయింది.

నా కేకను చెరిపేయమని బతిమాలాను. కత్తిరించిన టేపును ఎవరూ నమ్మరని బావ ఒప్పుకోలేదు. బావ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. అధికారి నా కేకకు నవ్వాడట. ఆ తర్వాతి మూడు మూలుగులు మళ్లీ మళ్లీ విని, సముద్రానికి తిరిగి వెళ్లమన్నాడట.

చదువుతున్న మీరూ నాతో పాటు తల వంచండి: ప్రభువా, ఓపికగా వినేవారి మాటను నమ్మే మనసు పెద్దలకు దయచేయుము. ఆమేన్.