కమ్యూనిటీ హాలుకు గ్రాంటు, గ్రాంటుకు షామియానా

కరోనా వెళ్ళిపోయిందని అందరూ ఒప్పుకున్న ఏడాది, మే నెలలో నాకు ఎల్బీనగర్ వైపు కాలనీలు అప్పగించారు. హోదా ప్రాజెక్ట్ అసోసియేట్. నా కింద ఎవరూ లేరు, పైన మాత్రం చాలామంది ఉండేవారు. మా కన్సల్టెన్సీ ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక భవనం మధ్య అంతస్తులో ఉండేది. కింద టిఫిన్ సెంటరు, పైన పోటీ పరీక్షల కోచింగ్. కిందినుంచి వాసన, పైనుంచి ధ్వని ఉచితంగా అందేవి. ముప్పై ఏళ్ళకే రిటైరైనవాడికి ఉద్యోగ జ్ఞాపకాలేమిటని కొందరు అడిగారు. కాంట్రాక్టు ఉద్యోగానికి పదవీ విరమణ వయసంటూ ఉండదు. ఒక సోమవారం పొద్దున వేలిముద్ర మిషన్ మనల్ని గుర్తుపట్టదు, అంతే.

మా పని పాత కాలనీల్లో పాడైన ఉమ్మడి ఆస్తులకు, అంటే పార్కులకు, హాళ్ళకు, మురుగు కాలువలకు గ్రాంటు ఇప్పించడం. కాలనీ పెట్టుకోవాల్సిన కొద్దిపాటి వాటా పోను, సగం ప్రభుత్వం ఇస్తే సగం ఒక కంపెనీ సామాజిక బాధ్యత నిధి నుంచి వచ్చేది. గ్రాంటు అంటే తిరిగి కట్టనక్కర్లేని సొమ్ము. అందుకే అప్పు దొరకడం కన్నా అది దొరకడం కష్టం. ముందు కాలనీ సంఘం దరఖాస్తు, తర్వాత మేం తయారుచేసే అంచనా, ఆపైన స్థల తనిఖీ, అన్నీ కుదిరితే పరిపాలనా అనుమతి, చివరికి టెండరు. వీటిలో ప్రాణం తనిఖీదే. ఫొటోలు చెల్లేవి కావు. ఎందుకంటే ఒక కాలనీవారు పక్క కాలనీ శిథిలాలను ఫొటో తీసి తమవేనని పంపారు. పక్క కాలనీవారూ అదే పని చేశారు. కాబట్టి ఇంజనీరు స్వయంగా వచ్చి చూసి మార్కులు వేయాలి. కట్టడం ఎంత పాడైతే అన్ని మార్కులు, దాన్ని ఎంతమంది వాడుకుంటే మరిన్ని. నాసిరకానికి మొదటి ర్యాంకు వచ్చే పరీక్ష దిల్‌సుఖ్‌నగర్ మొత్తం మీద ఇదొక్కటే.

మీర్‌పేట్ పోయే దారిలో ఒక కాలనీ హాలు ఈ పరీక్షకు పుట్టినట్టే ఉండేది. స్లాబులో ఇనుము తుప్పుపట్టి, పెచ్చులు ఊడిపడేవి. చినుకు పడితే బయటికన్నా లోపల కాసేపు ఎక్కువ కురిసేది. ఆ హాల్లోనే యాదమ్మ పిల్లల్ని చూసుకునేది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో గిన్నెలు తోమే తల్లులు, మలక్‌పేటలో ఇళ్ళపనికి పోయే తల్లులు పొద్దున్నే పిల్లల్ని ఆమెకు అప్పజెప్పి బస్సెక్కేవారు. వానలు మొదలయ్యేలోపు మరమ్మతు మంజూరు కాకపోతే ప్రమాదకర కట్టడం కింద తాళం వేస్తామని మున్సిపల్ ఆఫీసు నోటీసు అంటించింది. యాదమ్మకు ఇంకో చోటు లేదు. ఆమె కిరాయి ఇంటి ఓనరు తన మనవడు ఏడిస్తేనే ఓర్చుకోలేని మనిషి.

మొదటిసారి కొలతలు తీయడానికి వెళ్ళినప్పుడు ఆమె నన్ను నిలదీసింది.

"తాళం ఏస్తే గీ పిల్లలెటు పోవాలె సారూ? ఆల్ల అమ్మలు పనికెట్ల పోవాలె?"

గ్రాంటు వస్తుందమ్మా, ప్రక్రియలో ఉంది అన్నాను. ఆ ఉద్యోగంలో అన్నిటికంటే ముందు నేర్పిన వాక్యం అది.

"గ్రాంటు ఒస్తదంటవ్, వాన సుత ఒస్తది. రెండిట్ల ఏది ముందొస్తదో జర అడిగి చెప్పు."

సంఘం అధ్యక్షుడు సుబ్బారావుగారు. తెనాలి నుంచి ఎప్పుడో వచ్చి, కోచింగ్ సెంటర్లలో ఫిజిక్స్ చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవారు. ఆ హాలు ఆయన హయాంలోనే కట్టారు, ఆయన హయాం ఇంకా నడుస్తోంది. కార్యదర్శి నర్సింహ నాదర్‌గుల్ మనిషి, మెయిన్ రోడ్డు మీద రంగుల దుకాణం. కాలనీలో కుక్కల బెడద నుంచి వినాయకుడి ఎత్తు దాకా ఏ విషయంలోనూ ఇద్దరికీ పొత్తు కుదిరేది కాదు. పాడు హాలు విషయంలో మాత్రం కుదిరింది. ప్రమాదం అక్కడే వచ్చింది.

తనిఖీ తేదీ ఖరారయ్యాక ఇద్దరికీ ఫోను చేశాను. సూపరింటెండింగ్ ఇంజనీరు మేడమ్ వస్తున్నారు, హాలు ఉన్నది ఉన్నట్టు చూపించండి, ఏమీ ముట్టుకోవద్దు అని విడమరిచి చెప్పాను. సుబ్బారావుగారు "అలాగే బాబూ" అన్నారు. నర్సింహ "ఫికర్ చెయ్యకు తమ్మీ, మేం చూస్కుంటం" అన్నాడు. రెండో మాటకు నేను భయపడాల్సింది.

తనిఖీ రోజు పొద్దున మేడమ్ కన్నా ముందు చేరుకున్నాను. వీధి తప్పు వచ్చాననుకున్నాను. గోడలన్నీ లేత పసుపు రంగులో మెరుస్తున్నాయి. వాకిట ముగ్గు, గుమ్మానికి మామిడాకులు, గేటుకు అరటి పిలకలు. మేడమ్‌కు స్వాగతం పలికే ఫ్లెక్సీలో నర్సింహ ఫొటో పెద్దదిగా, సుబ్బారావుగారిది ఒక వేలెడు చిన్నదిగా ఉన్నాయి. లోపల టెంట్ హౌస్ పచ్చ కార్పెట్, పైకప్పు నిండా ఎర్ర షామియానా.

"పగుళ్ళేవి?" అని అడిగాను.

"పుట్టీ పెట్టినం. ఏలు పెట్టి చూస్కో, ఆనుతదేమో," అన్నాడు నర్సింహ గర్వంగా. "రంగు నా దుకాణంలదే. ఫ్రీ."

"పెచ్చులూడే చోటు?"

"అది మాత్రం బాగుండలేదని షామియానా కట్టించాను బాబూ," అన్నారు సుబ్బారావుగారు. "పెద్దావిడ వస్తున్నారు. తలెత్తి చూస్తే మన పరువేం కావాలి?"

తలెత్తి చూడటానికే వస్తున్నారండీ అన్నాను.

"ఇంటికి చుట్టం ఒస్తే ఊడ్వకుంట ఉంటమా?" అని నర్సింహ నన్నే మందలించాడు. "గలీజ్ చూపెట్టి పైసలడిగితే మనల్ని ఏమనుకుంటరు?"

పిల్లలేరని వెతికాను. యాదమ్మ గేటు బయట చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "కార్పెట్ ఖరాబ్ చేస్తరని పక్కింటి మిద్దె మీదికి తోలిన్రు," అంది. కట్టడం పాడైందన్న సాక్ష్యం పుట్టీ కింద, దాన్ని వాడుకుంటున్నారన్న సాక్ష్యం మిద్దె మీద. వచ్చే మార్కులన్నీ ఎంతో శ్రద్ధగా దాచేశారు.

పన్నెండు దాటాక మేడమ్ వచ్చారు. మాట తక్కువ మనిషి. శాలువా వద్దంటే కప్పారు, బొకే వద్దంటే ఇచ్చారు. ఆ తర్వాత సుబ్బారావుగారు హాలు చరిత్ర అందుకున్నారు. స్లాబు వేసిన రోజు తాను భోజనం కూడా మానేసి దగ్గర నిలబడ్డానని చెప్పారు. ఫిజిక్సు చెప్పినవారు కాబట్టి బరువు, పీడనం గురించి కూడా సెలవిచ్చారు. మేడమ్ నాలుగు గోడలూ చూసి, మా ఆఫీసు కన్నా ఇదే బాగుంది, గ్రాంటు దేనికి అని అడిగారు.

"ఇంకా బాగు చేసుకుందామనండీ," అన్నారు సుబ్బారావుగారు.

మేడమ్ పెన్ను క్యాపు తీశారు. కట్టడం పరిస్థితి అన్న గడిలో ఆవిడ 'బాగుంది' అని రాస్తే ఆ ఫైలు మళ్ళీ తెరుచుకోదు. నేను పుట్టీ సంగతి చెప్పబోయాను. కన్సల్టెంట్లు దరఖాస్తుదారు తరఫున మాట్లాడకూడదని ఆవిడ గుర్తుచేశారు. నిబంధన నిజమే. దాన్ని టైపు చేసింది నేనే.

ఆ మాటలు గేటు దాకా వినపడినట్టున్నాయి. యాదమ్మ పక్కింటి మెట్లవైపు తిరిగి ఒక్క కేక పెట్టింది. పిల్లలందరూ పళ్ళాలు పట్టుకుని దిగి, బిలబిలమంటూ హాల్లోకి వచ్చేశారు.

"ఏందమ్మా ఇది, మీటింగ్ నడుస్తుంటే!" అన్నాడు నర్సింహ.

"మీ మీటింగ్ మీరు చేస్కోన్రి. పోరలకు అన్నం యాళ్ళయింది."

పిల్లలు కూర్చున్నారు. అలవాటు ప్రకారం నాలుగు గోడల వెంబడి వీపులు ఆనించి కూర్చున్నారు. అంత మెత్తటి కార్పెట్ మధ్యలో ఖాళీగా ఉండిపోయింది, ఒక్కరూ అటు కాలు పెట్టలేదు. మేడమ్ కాసేపు చూసి, ఒక చిన్నపిల్లను మధ్యలో కూర్చోమన్నారు. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఎందుకని అడిగితే పైకి చూపించి, "ఆడ పడ్తయ్," అంది.

షామియానా విప్పించమన్నారు మేడమ్. నర్సింహ సుబ్బారావుగారిని చూశాడు, ఆయన కార్పెట్‌ను చూశారు. యాదమ్మ మాత్రం ఆయన్నే చూస్తూ నిలబడింది. చివరికి ఆయన గొంతు సవరించుకుని, "స్లాబు పోయిందండీ. నేను దగ్గరుండి వేయించిందే. పది నిమిషాల కిందట చెప్పిందంతా వెనక్కి తీసుకుంటున్నాను," అన్నారు.

"గిప్పుడు చెప్తున్నవా సారూ!" నర్సింహ నెత్తి పట్టుకున్నాడు. "డబ్బాలన్నీ ఖాళీ అయినంకనా?"

టెంట్ హౌస్ వాళ్ళు ఒక తాడు విప్పగానే, అంతవరకు గుడ్డ మీద విశ్రాంతి తీసుకుంటున్న పెచ్చు ఒకటి సరిగ్గా ఆ ఖాళీ చోట పడింది. పైన తుప్పుపట్టిన ఇనుము బయటపడింది. మేడమ్ స్కూటీ తాళంచెవితో గోడ గీకారు. పుట్టీ రాలింది, దాని వెనక పగులు కనిపించింది. శాలువా మీది దుమ్ము దులుపుకొని, పిల్లల్ని లెక్కపెట్టి, మార్కులు వేశారు. ఆ విడతలో అదే మొదటి ర్యాంకు.

వానకన్నా ముందు మంజూరు వచ్చింది. పని జరిగినన్నాళ్ళు పిల్లలు సుబ్బారావుగారి ఇంటి వరండాలో ఉన్నారు, ఆయన వాళ్ళకు పీడనం గురించి చెప్పారు. ఉత్తర్వులో ఒక సర్దుబాటు ఉంది. కాలనీ తన వంతుగా కొంత వాటా భరించాలన్న నిబంధన కింద నర్సింహ రంగును జమకట్టారు. తాను ఫ్రీగా ఇచ్చిందాన్ని వాటా అని రాయడం అవమానమని అతను చాలాకాలం బాధపడ్డాడు. మరమ్మతులో ముందు చేసింది పాత పూత మొత్తం చెక్కేయడం. ఆ రంగు ట్రాక్టరులో డంపింగ్ యార్డుకు పోయింది. హాలు ఇప్పుడు కారదు. యాదమ్మ పిల్లలు మధ్యలో కూర్చుంటారని విన్నాను.

నేను నేర్చుకున్నది ఒకటే. మన జనం దగ్గర లేమి ఉందని నిరూపించడం తేలిక, దాన్ని చుట్టాల ముందు పెట్టించడం కష్టం. తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఏ కాలనీకీ ఇంజనీరు వస్తున్నారని చెప్పలేదు. కరెంటు మీటరు చూసే మనిషి వస్తాడని చెప్పేవాణ్ణి. మీటరు చూసే మనిషి కోసం ఈ నగరంలో ఎవరూ గోడకు రంగు వేయరు.