కోటేశ్వరరావు మిరపనారు

2023 ఆషాఢం నాటికి నందిగామ దగ్గర నా మిరపనారు నర్సరీకి పదిహేనేళ్లు. కోటి మొక్కలకు జోలపాడి నిద్రపుచ్చిన అనుభవం నాది. నిద్రపోయింది మొక్కలు కాదు, నేనేనని మా ఆవిడ అంటుంది.

ఆ నెలలోనే కోటేశ్వరరావు నా దగ్గరికి వచ్చాడు. జగ్గయ్యపేట పక్కన సిమెంటు ఫ్యాక్టరీలో పన్నెండేళ్ల పని మానేసి, అరెకరం కౌలుకు తీసుకుని షేడ్‌నెట్ వేశాడు. అంటే ఎండను సగం ఆపే ఆకుపచ్చ వల పందిరి. వత్సవాయి రైతులు నలుగురు నారు కావాలని చెప్పారు. ఆ నారు వాళ్ల చేలకు చేరితేనే అతని నర్సరీకి రెండో ఏడు ఉంటుంది.

పని నేర్పాను. ప్రోట్రేలు, అంటే గుంటలున్న ప్లాస్టిక్ పళ్లాలు. వాటిలో కొబ్బరిపీచు పొడి నింపి గుంటకో గింజ వేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి పట్టా కప్పాలి. ఆరు రోజులు ఆ జోలికి పోకూడదు. లోపలి వెచ్చదనమే మొలక తెస్తుంది.

మూడో రోజే ఫోను.

"అన్నా, ఇంకా ఏం కనపడట్లా."

"పట్టా ఎత్తావా?"

"కొంచెమే ఎత్తా. ఓ గింజ బయటికి తీసి చూసి, మళ్లీ పెట్టేసా."

దిగులు ఆపుకోలేక, ఇవైతే రేపే అమ్ముడుపోతాయని, అదే పందిరి కింద బంతి, చామంతి మొక్కలు దించాడు. వాటితో ఆకుల రసం పీల్చే తామరపురుగు కూడా సకుటుంబంగా దిగింది. నేను వెళ్లేసరికి మొలక ఒకచోట ఒత్తుగా, ఒకచోట బోడిగా ఉంది. లేత ఆకులు ముడుచుకుంటున్నాయి. పూలమొక్కలు తీయించి, మందు చెప్పి, నారు వారం ఆలస్యమవుతుంది, అంతేనన్నాను. నీళ్లు పెట్టి చేతులు కట్టుకుని కూర్చోమన్నాను.

"ఫ్యాక్టరీలో అది నేర్పలేదన్నా. చేతులు కట్టుకుంటే తిడతారక్కడ."

అయినా నేర్చుకున్నాడు. పందిరికి వీపు పెట్టి స్టూలు మీద కూర్చునేవాడని అతని భార్య సుజాత చెప్పింది. ముప్పాతిక నారు తేరుకుంది.

ఈలోగా నేను జగ్గయ్యపేట టీకొట్టులో ఆ కథ చెప్పాను. మామూలుగా చెబితే నేను నేనెందుకవుతాను? ఒక్క గింజ ఒక పళ్లెం అయింది. రెండో టీకి పళ్లాలన్నీ అయ్యాయి. గంటకోసారి గింజలు పెకిలించి, జ్వరం చూసి, బొజ్జోమని మళ్లీ పాతిపెడుతున్నాడన్నాను. జనం పొట్టలు పట్టుకున్నారు. వాళ్లలో వత్సవాయి వాళ్లున్నారని నాకు తెలియదు.

వారం తర్వాత సుజాత మా నర్సరీకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"పెకిలించిన నారంటగా, మాకొద్దన్నారండి నలుగురూ. ఆయన తీసింది ఒక్క గింజే అన్నయ్యగారూ."

ఆ రోజే నలుగురి ఇళ్లకూ వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక పెద్దాయన నెమ్మదిగా అడిగాడు: "మొన్న చెప్పింది నిజమా, ఇయ్యాల చెప్పేది నిజమా?" మిగతావాళ్లలో ఇద్దరు అప్పటికే నారు తీసుకున్నారు. ఎక్కడో కాదు, నా దగ్గరే.

కోటేశ్వరరావు నారు పళ్లాల్లోనే ముదిరిపోయింది. ఫ్యాక్టరీలో పాత ఉద్యోగం ఇవ్వలేదు. ఇప్పుడక్కడే కాంట్రాక్టు కూలీగా బస్తాలు ఎత్తుతున్నాడు. కనపడితే "బాగున్నావా అన్నా" అంటాడు. ఆగకుండా వెళ్లిపోతాడు.

కొత్తగా వ్యాపారం పెట్టేవాడికి ఓపిక కావాలని, ఒక్క పని మీదే కన్నుండాలని ఇప్పటికీ వచ్చినవాళ్లకు చెబుతాను. కోటేశ్వరరావుకు ఆ ఓపిక కొంచెం ఆలస్యంగానైనా వచ్చింది. కొత్తవాడి తప్పును వాడు దిద్దుకునేదాకా నోట్లో దాచుకునే ఓపిక మాత్రం, పదిహేనేళ్లు మొలకల కోసం ఎదురుచూసిన నాకు లేకపోయింది.