హాజరులో మొదటి పేరు

తొంభైల్లో నేను గల్ఫ్‌లో పనిచేస్తున్నప్పుడు, రూవి నుంచి రుసైల్ వెళ్లే బస్సులో ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. యానాం మనిషి, ఫ్రెంచి సైన్యంలో సిపాయిగా చేసి రిటైరయ్యాడట. నేను సైట్‌లో ఫోర్‌మన్ననీ, రోజూ కంపెనీ బస్సులో పేర్లు పిలిచి హాజరు తీసుకుంటాననీ చెప్పాను.

"మా పటాలంలోనండీ, ముందు పిలిచే పేరు ఎప్పుడో రెండొందల ఏళ్ల కిందట యుద్ధంలో పోయిన సిపాయిది. మాలో ఒకడు జవాబు చెప్పాలండి," అంటూ ఆయన సీట్లోనే నిటారుగా సర్దుకున్నాడు. "రణరంగంలో పోయాడు!"

"సచ్చినోణ్ని పిలుసుడెందుకు పెద్దాయనా?"

"పిలిచినంతకాలం మావాడేనండి."

తర్వాతి స్టాపులో ఆయన దిగిపోయాడు.

సైట్‌లో కాలు విరిగి ఊరికి పోయిన మల్లేశం పేరు అప్పటికే పిలవడం మానేశాను. మర్నాడు అందరికంటే ముందు అదే పిలిచాను. అతని రూమ్ మనిషి, "ఊర్ల ఉన్నడు, వస్తడు," అన్నాడు. అప్పటినుంచి రోజూ అదే పిలుపు, అదే జవాబు.

మల్లేశం తిరిగొచ్చిన పొద్దున కూడా ఆ పేరే ముందు పిలిచాను. అలవాటు కొద్దీ సగం బస్సు, "ఊర్ల ఉన్నడు, వస్తడు," అంది.

వెనక సీట్లోంచి మల్లేశం అరిచాడు: "ఒచ్చిన గదరా!"