సిరిల్ చూపుడువేలు

సిరిల్ ఓట్స్ కుడి చూపుడువేలు ఎప్పుడూ కాస్త వంగే ఉంటుంది. టీ తాగుతున్నా, వానలో బస్సు కోసం నిలబడినా అంతే. చర్చి హాల్లో నడిచే బొమ్మరైళ్ల క్లబ్బులో, పట్టాలు చీలే చోట బొటనవేలంత ఇంజను కరెంటు అందక ఆగిపోయినప్పుడల్లా, ఇన్నేళ్లుగా దాన్ని ముందుకు నెడుతూ వచ్చిన వేలు అది. అదే క్లబ్బులో పెద్ద సైజు బొమ్మరైళ్లు నడిపే మోరిస్ దాన్ని చూసి, "అదిగో, ఆకాశం నుంచి దేవుడి చెయ్యి దిగింది!" అని ఎగతాళి చేసేవాడు. ఈ ఏటి ప్రదర్శనకు ముందురోజు మాత్రం, బల్లలకు చోట్లు కేటాయిస్తూ తేల్చి చెప్పేశాడు.

"ఈసారీ వేలు పెట్టావో, నీ బల్ల మళ్లీ మరుగుదొడ్ల పక్కకే."

"ఇది కొత్త రకం ఇంజనోయ్. అన్ని చక్రాలూ కరెంటు అందుకుంటాయి. నోరు మూసుకుని చూడు," అన్నాడు సిరిల్.

బారెడు బొగ్గు పెట్టెలు తగిలించి మీట కొద్దిగా తిప్పాడు. ఇంజను నత్తలా కదిలింది. అందరూ బల్ల చుట్టూ మూగారు. అలవాటు చొప్పున వేలు దాని వెనకే గాల్లో సాగింది. పట్టాలు చీలే చోటు రానే వచ్చింది. ఇంజను తొణక్కుండా దాటేసింది. స్టేషను ముందరి మెలికలన్నీ దాటి, ప్లాట్‌ఫాం పక్కన మెత్తగా ఆగింది. వేలు ఇంకా గాల్లోనే ఉంది.

"ఇక దించవయ్యా దాన్ని," అంటూ మోరిస్ బల్లకు అటు చివర పట్టుకున్నాడు. "పద, స్టేజీ మీద ఓ మూల వేద్దాం."

సిరిల్ ఆ వేలిని నిటారుగా చాచి స్టేజీ వైపు చూపించాడు.

"మూల కాదు. నట్టనడుమ."