తడిసిన మోటారులో నందిగామ నుంచి పాలేరు దాకా

మా అక్కయ్య రాజ్యం జగ్గయ్యపేట వచ్చి ఉందన్న కబురు బస్సు కండక్టరు చేత అందింది. శ్రావణ మాసం, పొద్దున్నే ముసురు పట్టి ఉంది. అక్కయ్యకు పిన్నత్తగారి వరస అయిన సుబ్బమ్మగారి ఇంట్లో వ్రతానికి వచ్చారట. మధ్యాహ్నం భోజనాలు కాగానే బండి కట్టుకుని తిరిగి వెళ్ళిపోతారట. అత్తగారికి ఒంట్లో బాగాలేదు కనుక రాత్రికి ఉండే వీలు లేదట. కండక్టరు ఈ ముక్కలు అప్పజెప్పి బస్సు ఎక్కేశాడు. అది బెజవాడ వైపు వెళ్ళే బస్సు. పేటకు వెళ్ళే బస్సు మళ్ళీ సాయంత్రం గాని లేదు.

అక్కయ్యను నేను చూసి రెండేళ్ళు దాటింది. ఆమె అత్తవారి ఊరు పాలేరు ఏటికి అవతల, నిజాం ఇలాకాలో ఉండేది. రజాకార్ల గొడవ రోజుల్లో దారులు మూతబడ్డాయి. అటువాళ్ళు ప్రాణాలు అరచేత పెట్టుకుని ఇటు వచ్చేవారే గాని, ఇటునుంచి ఎవరూ అటు వెళ్ళేవారు కారు. ఆ రోజుల్లోనే అమ్మ జ్వరంతో పోయింది. కబురు అక్కయ్యకు చేరేసరికి మాసికం కూడా అయిపోయింది. ఆ తరవాత దారులు తెరుచుకున్నాయి. కాని అప్పటికి అక్కయ్య నెలలు నిండి ఉంది, ఆ పైన పసిబిడ్డ తల్లి. ఆ బిడ్డను నేను ఇంకా చూడలేదు.

మా వారికి నందిగామలో పత్తి వ్యాపారం. బెజవాడలో ఎవరో వాడి వదిలేసిన మోటారు ఒకటి కొన్నారు. పైకప్పు గుడ్డది. పోయిన వానల్లో కారితే గుడ్డకు మైనం పట్టించారు. ఇక చుక్క దిగదని ఆయన ధీమా. పెట్రోలు రేషను కనుక ఊరికే తియ్యరు. ఆ రోజు మాత్రం నేను అడగకముందే గేటు తీశారు. అమ్మ చీర ఒకటి మైనపు గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. అక్కయ్యకు ఇవ్వాలని ఉతక్కుండా దాచిన చీర. మడతల్లో ఇంకా అమ్మ వాడే కుంకుడుకాయ వాసనా, వక్కపొడి వాసనా ఉండేవి.

నందిగామ నుంచి పేటకు పదహారు పదిహేడు మైళ్ళు. ఎండాకాలమైతే మోటారులో గంట లోపు వెళ్ళిపోవచ్చు. దారి పొడుగునా నల్లరేగడి, పత్తీ జొన్నా చేలు. మేం ఊరు దాటిన కాసేపటికే వాన ఎదురు కొట్టింది. పైకప్పు నిజంగానే కారలేదు. కాని నా కాళ్ళ మీద చల్లగా ఏదో జారుతోంది. కాళ్ళకింద పరిచిన కొబ్బరిపీచు పట్టా అప్పటికే చిత్తడి.

"ఏమండీ, నీళ్ళొస్తున్నాయి" అన్నాను.

"పైనుంచా?" అంటూ ఆయన తలెత్తి చూశారు.

"పైనుంచి కాదు. ఈ అద్దం కిందనుంచి."

చెయ్యి పెట్టి తడిమాను. ముందు అద్దం అడుగున రబ్బరు ఎండి పగిలిపోయింది. నీళ్ళు ఆ సందులోంచి దిగి, మీటర్లు బిగించిన చెక్క వెనక ఉన్న తీగల వెంబడి పాకి, వాటి చివరనుంచి నా కాళ్ళ మీద పడుతున్నాయి. తీగలకు చుట్టిన నూలు తొడుగు నానిపోయి ఉంది. ఈ సంగతి నేను చెబుతుండగానే హారను దానంతట అదే మోగడం మొదలుపెట్టింది. ఆగదు. రోడ్డు మీద గేదెలు చెదిరి చేలో పడ్డాయి. తాటాకు గిడుగు కప్పుకుని వెళుతున్న ఒకావిడ గట్టు మీదికి గెంతి, "ఏం తొందరొచ్చిందయ్యా, వెళ్ళేది ఆపుతున్నామా మిమ్మల్ని!" అని కేకలేసింది. నవ్వు వచ్చేదే కాని, అంతలో చెక్క వెనకనుంచి సన్నగా పొగ వచ్చింది. గుడ్డా లక్కా కలిసి మాడిన వాసన.

ఆయన బండి ఆపి, కాళ్ళకింది పలక ఊడదీసి, దాని అడుగున ఉన్న బ్యాటరీ నుంచి తీగ లాగేశారు. వేళ్ళు చురుక్కుమన్నాయి. హారను ఆగింది. చూస్తే దీపాల తీగా హారను తీగా తొడుగు కాలి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. ఆ రెంటినీ కత్తిరించి విడిగా వంచి, ఇంజనుకు వెళ్ళే తీగ ఒక్కటే ఉంచి, బ్యాటరీకి మళ్ళీ బిగించారు. హ్యాండిలు తిప్పితే బండి లేచింది.

"దీపాల్లేవు. చీకటి పడితే పేటలోనే ఉండిపోవాలి" అన్నారు.

"ఉందాం. ముందు వెళ్ళనివ్వండి" అన్నాను. అద్దం సందులో నా చేతిగుడ్డ కుక్కి, పడకుండా వేలితో నొక్కి పట్టుకున్నాను.

చిల్లకల్లు ఊరు ఇంకా రాకముందే ఒక వాగు రోడ్డును ముంచి పారుతోంది. అవతల ఒడ్డున జొన్నచొప్ప బండ్లు రెండు ఆగి ఉన్నాయి. ఒక బండివాడు నీళ్ళలోకి దిగి నిలబడి మాకు లోతు చూపించాడు. "మోకాలి బంటే అండి. నింపాదిగా పోనియ్యండి, ఎక్కడా ఆపొద్దు" అన్నాడు. ఆపాలని మాకు మాత్రం ఉందా? నడిమధ్యకు వచ్చేసరికి ఇంజను ముందున్న పంకా నీళ్ళను ఎత్తి ఇంజనుమీదే చిమ్మింది. రెండుసార్లు దగ్గి మోటారు ఆగిపోయింది. తలుపుల కిందుగా నీళ్ళు లోపలికి వచ్చాయి. బండివాళ్ళు పట్టి తోస్తే ఒడ్డెక్కింది.

వాన కాస్త తెరిపి ఇచ్చింది. ఆయన ఇంజను మూత ఎత్తి చూశారు. కరెంటును ఇంజనుకు పంచే నల్లటి డిస్ట్రిబ్యూటరు మూత లోపలంతా నీటి బొట్లు. అది తుడిచి పొడిగా చేస్తేగాని ఇంజను లేవదు. ఆయన కండువా పిండితే నీళ్ళు కారుతున్నాయి. నా కొంగూ అంతే. బండివాళ్ళ ఒంటి మీద పొడిగుడ్డ అన్నదే లేదు. సీటు కింది సంచీ కూడా తడిసిపోయింది.

నేను మైనపు గుడ్డ విప్పాను.

ఆయన చూసి, "వద్దు, అనసూయా. కాసేపాగుదాం, గాలికి ఆరుతుంది" అన్నారు.

"గాలికి ఆరేసరికి అక్కయ్య ఏరు దాటుతుంది. తుడవండి."

చీర కొంగు ఆయన చేతికి ఇచ్చి నేను అటు తిరిగి నిలబడ్డాను. మూతా, దానిలో గుచ్చుకునే తీగలూ ఒక్కొక్కటే తుడుస్తుంటే చప్పుడు వినిపిస్తూనే ఉంది. తిరిగి తీసుకున్నప్పుడు కొంగంతా నల్లగా నూనె మరక. వాసన చూడబోయి మానేశాను. హ్యాండిలు మూడోసారి తిప్పగానే ఇంజను లేచింది. బండివాళ్ళు సంతోషంతో ఈలవేశారు.

పేటలో నాపరాళ్ళు పరిచిన సందులో సుబ్బమ్మగారిల్లు. వాకిట్లో వ్రతం ముగ్గు వానకు కరిగిపోయి ఉంది. విస్తరాకులు ఎత్తుతున్న ఆవిడ మమ్మల్ని చూసి, చేతిలోవి అక్కడే పెట్టేసింది.

"అయ్యో తల్లీ, ఇప్పుడే వెళ్ళిందమ్మా! ఎగువన వాన బాగా పడుతోంది, ఏరొస్తే దాటలేమని మీ బావ తొందరచేశాడు. నీకోసం వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతూనే ఉంది. అన్నం కూడా సరిగ్గా తిన్లేదు."

"ఎంతసేపైందండి?"

"బండి మెల్లగానే పోతుంది. బురద కదా. వెళ్ళండి, వెళ్ళండి, అందుకుంటారు!"

పెద్ద రోడ్డు వదిలి బండ్ల బాట పట్టాం. బండి చక్రాలు కోసిన రెండు గాళ్ళ నిండా నీళ్ళు. చేలు దాటి తుమ్మచెట్ల మధ్యనుంచి బయటపడేసరికి ఎదురుగా పాలేరు. ఎర్రటి నీళ్ళు సుళ్ళు తిరుగుతూ, పుల్లా పుడకా మోసుకుంటూ ఒడ్డును ఒరుసుకుని పారుతున్నాయి. ఏరు దాటే చోట బండి చక్రాల గుర్తులు నీళ్ళలోకి దిగి మాయమయ్యాయి. అవతల గట్టు మీద గూడు బండి ఒకటి, మాకు వీపు పెట్టి వెళుతోంది.

"అక్కయ్యా!" అని అరిచాను. ఏటి హోరులో నా గొంతు నాకే వినిపించలేదు. మళ్ళీ అరిచాను. బండి సాగిపోతూనే ఉంది. ఒడ్డున కూచున్న పశువుల కాపరి, "నీళ్ళల్లో కాలు పెట్టకమ్మా, గుంజకపోతది. ఎడ్లే కష్టంగ దాటినయి" అన్నాడు.

మా వారు గబగబా వెనక్కి తిరిగారు. మోటారు దగ్గరికి వెళ్ళి, ఇందాక కత్తిరించిన హారను తీగ లాగి, చివర చాకుతో గీకి, దాన్ని పట్టి నేరుగా బ్యాటరీకి ఆనించారు. నిప్పురవ్వలు రేగాయి. హారను బొంగురుగా, గట్టిగా మోగింది. తీశారు, మళ్ళీ ఆనించారు. నాలుగైదుసార్లు అలా చేశారు. తీగ కాలి చేతికి బొబ్బ ఎక్కిందని నాకు తరవాత గాని తెలియలేదు.

అవతల బండి ఆగింది.

బావగారు ముందు దిగారు. తరవాత అక్కయ్య. చిక్కిపోయింది, అంత దూరానికే తెలిసింది. నడిచి రావడం కాదు, గట్టు మీదనుంచి పరుగెత్తుకుంటూ నీళ్ళ అంచుదాకా వచ్చింది. బావగారు వెనకనుంచి రెక్క పట్టుకున్నారు. తను ఏదో అంటోంది. నోరు కదలడం కనిపిస్తోంది గాని ఒక్క ముక్క ఈవలికి రావడంలేదు. నేనూ ఏదేదో అన్నాను. అమ్మ చివరి రోజుల సంగతులు రెండేళ్ళుగా ఎవరికీ చెప్పకుండా అక్కయ్య కోసమే దాచుకున్నాను. అవన్నీ ఆ హోరులోకి అరిచాననుకుంటాను. కొంతసేపటికి తను కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ అంతే.

అంతలో అక్కయ్యకు ఏదో తోచింది. బండి దగ్గరికి పరుగెత్తి, లోపలనుంచి బిడ్డను ఎత్తుకుని వచ్చింది. నీళ్ళ ఒడ్డున నిలబడి, కప్పిన గుడ్డ తీసి, రెండు చేతులా బిడ్డను తలకన్న ఎత్తుకు ఎత్తి నాకు చూపించింది. ఎర్రటి చొక్కా. మొహం నాకు కనబడలేదు. కాళ్ళు గాలిలో తన్నుకోవడం మాత్రం కనబడింది. ఎత్తిన చేతులు దించకుండా అలా చాలాసేపు నిలబడింది. నేను తల ఊపుతూ, "చూశాను, చూశానే, ఇక దించు" అని ఏడుస్తూ అంటూనే ఉన్నాను. ఆఖరికి బావగారు బిడ్డను అందుకున్నారు.

మళ్ళీ వాన మొదలైంది. బండి తుమ్మల వెనక మరుగయ్యేదాకా ఒడ్డునే ఉన్నాం.

ఆ రాత్రి సుబ్బమ్మగారింటే ఉండిపోయాం. ఆవిడ వేడి అన్నంలో చింతకాయ పచ్చడి కలిపి దాదాపు చేత్తో తినిపించింది. ఏరు తగ్గగానే తమ జీతగాణ్ణి అవతలికి పంపుతాననీ, అక్కయ్యకిచ్చేది ఉంటే తన దగ్గర పెట్టమనీ అంది. చీర ఇచ్చాను. మరక చూసి, "ఉతికించి పంపనా?" అంది. వద్దన్నాను. మర్నాడు పేటలో తీగలకు కొత్త తొడుగు చుట్టించి, అద్దం కింద రబ్బరు వేయించి, ఎండ కాసిన తరవాత నందిగామ చేరాం.

మనుషులు ఒకరి కోసం ఒకరు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసేది మాట్లాడుకోవడానికి అనుకునేదాన్ని. ఆ రోజు ఒక్క మాట కూడా ఇటు రాలేదు, అటు పోలేదు. అయినా నేను వట్టి చేతులతో తిరిగి వచ్చానని అనుకోలేను. కార్తీకంలో వస్తామని అక్కయ్య కబురు చేసింది. ఈ లోగా వంటింట్లో పని చేసుకుంటూ ఉంటే ఉన్నట్టుండి ఆ ఎర్ర చొక్కా, గాలిలో తన్నుకుంటున్న ఆ కాళ్ళు కళ్ళ ముందుకు వస్తాయి. అప్పుడు చేస్తున్న పని ఆగిపోతుంది. బిడ్డ మొహం ఎవరి పోలికో ఊహించుకుంటూ కాసేపు అక్కడే కూచుంటాను.

పాత మోటారులో వానాకాలం ప్రయాణం పెట్టుకున్నవారికి ఒక్క మాట. బయల్దేరడానికి ముందురోజే ఒకరు లోపల కూచోండి, ఇంకొకరు అద్దాల మీదా తలుపుల మీదా బిందెలతో నీళ్ళు పొయ్యండి. పైకప్పు బాగుందని ఊరుకోకండి. నీళ్ళు ఏ సందున దిగి ఏ తీగ మీదుగా పోతున్నాయో ఇంటి వాకిట్లోనే తెలుసుకోండి. దారిలో తెలుసుకోవాలంటే, అవతల మనకోసం చూస్తున్నవాళ్ళకు అంత వ్యవధి ఉండకపోవచ్చు.