చోడిపిండి నాన్‌ఖటాయి

దువ్వాడలో మేం అద్దెకు దిగిన ఇంట్లో పై వాటాలో ఒక మాస్టారి కుటుంబం ఉండేది. ఆయన భార్య, నేను ఒక ఈడువాళ్లం. వారం తిరక్కముందే ఒకరినొకరం వదినా అని పిలుచుకున్నాం. ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం వైపు. వ్యవసాయం ఉంది. ఊరెళ్లి వచ్చినప్పుడల్లా నాకు చోడిపిండి, అదే రాగిపిండి, తాటిబెల్లం సంచిలో వేసి తెచ్చేది.

నేను విశాఖ వన్‌టౌన్‌లో పుట్టాను. రంజాన్‌కి మా అమ్మమ్మ నాన్‌ఖటాయి బిస్కెట్లు చేసేది. మైదా, శనగపిండి, కాస్త బొంబాయి రవ్వ, నెయ్యి, యాలకులు. సూరత్ నుంచి వచ్చిన వర్తకుల దగ్గర తన తాత నేర్చుకున్నాడని చెప్పేది. వదిన తెచ్చిన పిండి చూసి నేను మైదా మానేసి అదే వేశాను. పంచదార బదులు తాటిబెల్లం తురిమాను. మొదటి వాయి చేతిలోకి తీస్తే పొడైపోయింది. నెయ్యి పెంచి, చెంచాడు పెరుగు కలిపాక నిలిచాయి. కొరికితే ముందు అమ్మమ్మ యాలకుల వాసన, ఆ వెనక వాళ్ల ఊరి బెల్లం.

పండక్కి స్టీలు డబ్బా నిండా పైకి పంపాను. మర్నాడు డబ్బా తోమి తెచ్చిచ్చింది.

"ఎలాగున్నాయి వదినా?"

"శానా బాగున్నాయి. మీ అన్నయ్య ఒక్కటీ ఉంచనేదు."

ఆ మాటకి పొంగిపోయి, పండగ లేకపోయినా చేసి పంపేదాన్ని. అలా కొన్నేళ్లు గడిచాయి.

రెండు వాటాల్లోనూ ఒకే మనిషి పని చేసేది. ఒకరోజు గిన్నెలు తోముతూ, "బిస్కెట్లు మళ్లీ ఎప్పుడు సేత్తారమ్మా? మా పిల్లలు అడుగుతన్నారు," అంది.

"మీ పిల్లలకి నేనెప్పుడిచ్చాను?"

"పైన అమ్మగారిత్తారు కదా. డబ్బా డబ్బా నాకే ఒంపేత్తారు. ఆళ్లు తినరు కదమ్మా."

ఎందుకు తినరని అడగలేదు. సాయంత్రం వదిన డాబా మీద ఆరిన బట్టలు తీస్తుంటే వెళ్లాను.

"నా బిస్కెట్లు ఎవరు తింటన్నారు వదినా?"

ఆవిడ క్లిప్పులు తీస్తూనే ఉంది. "గుడ్డు ఏత్తావేమోనని..."

"ఎయ్యనని నీకు తెలుసు. పక్కన నిలబడి సూసావు. ఆదివారం మీ సేపల పులుసు వాసన నా వంటింట్లోకే వత్తాది."

"నానైతే తినీదాన్నే. మా అత్తకి పట్టింపు. మీ ఇంటి వంటంటే..." ఇంకో చీర తీగ మీంచి లాగింది.

వాళ్లత్తగారు ఉండేది ఊళ్లో. ఏడాదికోసారి వస్తారు.

మెట్లు దిగుతుంటే ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. మా ఇంటికొచ్చి టీ ఇస్తే, ఇప్పుడే తాగొచ్చాననేది. వాళ్లింట్లో నేను ఎన్నిసార్లు కంచం ముందు కూర్చున్నానో. తిననని మొదటిరోజే చెప్పుంటే నొచ్చుకుని ఊరుకునేదాన్ని. బాగున్నాయని అన్నేళ్లు నా మొహం మీద చెప్పింది చూశారూ, అది తట్టుకోలేకపోయాను.

తర్వాత వదిన ఊరి నుంచి వచ్చి ఎప్పట్లాగే పిండి సంచి తెచ్చింది. ఇంట్లో ఉందన్నాను. నిజానికి పిండి డబ్బా ఖాళీ. సంచి పట్టుకుని పైకి వెళ్లిపోయింది. ఇప్పుడు పిండి బజార్లో కొంటున్నాను. బిస్కెట్లు పనిమనిషి పిల్లలకి నేనే ఇస్తున్నాను. వదిన ఎదురుపడితే నీళ్ల ట్యాంకరు వచ్చిందా లేదా అని మాట్లాడుకుంటాం. అంతకు మించి నాకు నోరు రాదు.