నోరు మెదపని సీసాలు

స్టేషను పక్క హోటల్లో నేలమాళిగ చూసుకునే ఆయన్ని పనివాళ్ళంతా ముక్కుగారనేవారు. ముక్కు పెద్దదేమీ కాదు, కాస్త చప్పిడి ముక్కే. కానీ మెట్లు దిగుతూనే ఏ మూల చెమ్మ పట్టిందో, ఏ సీసా బిరడా కారుతోందో వాసనని బట్టి చెప్పేసేవాడు. వంటమనిషి ఉల్లిపాయలు తరిగిన చేతులతో కిందికి వస్తే కసురుకునేవాడు. నేను ఆ హోటల్లో నెలకని గది తీసుకుని, పొడిగించుకుంటూ చాలాకాలం ఉండిపోయాను. వాన పట్టిన సాయంత్రాలు ఎక్కడికీ వెళ్ళబుద్ధి కాక ఆయన దగ్గరికి దిగి స్టూలు మీద కూర్చునేవాణ్ణి. ఇక్కడ రాసేదాంట్లో కొంత ఆయన చెప్పింది, కొంత ఆయన భార్య చెప్పింది. ఇద్దరూ అచ్చం ఒకేలా చెప్పిన చోట్ల నాకు నమ్మకం కొంచెం తక్కువ.

ఆయన పని చెప్పుకోవడానికి పెద్దగా ఉండదు. వైను సీసాల్ని పడుకోబెట్టాలి. బిరడా ఎండిపోకుండా, వెలుతురూ కుదుపూ తగలకుండా చూడాలి. అప్పుడప్పుడూ ఒకటి తెరిచి రుచి చూసి, మిగతావి పైకి పంపొచ్చో ఇంకా ఆగాలో తేల్చాలి. అంటే చాలావరకు ఏమీ చేయకుండా ఉండటమే ఆ ఉద్యోగం. అది ఎంత కష్టమో కాలు ఒకచోట నిలవని నాలాంటివాడికి బాగా తెలుసు. ఏ ఊళ్ళోనైనా రెండో వారానికే నా పెట్టె నాకేసి చూడటం మొదలుపెడుతుంది.

ఆయన బావమరిదికి లారీలున్నాయి, రేవు వైపు ఒక గోడౌను ఉంది. తల్లి పోయాక అక్క ఎత్తుకుని పెంచిన తమ్ముడు. ఆమెకి పుట్టింటి తరఫున మిగిలింది అతనొక్కడే. మనిషి మంచి మాటకారి. అతను వచ్చాడంటే వీధి చివరికి వినిపించేలా నవ్వుతాడు. ఒకసారి ఇటలీ ఉత్తరపు కొండల నుంచి వచ్చే సరుకులో, ఒక చిన్న రైతు తీసిన బరోలో వైను కొన్ని పెట్టెలు తెచ్చాడు. దాన్ని నెబ్బియోలో అనే ద్రాక్షతో చేస్తారట. రంగు చూస్తే పలచన, గ్లాసు వెనక వేలిముద్రలు కూడా కనిపిస్తాయి. తెలియనివాళ్ళు నీళ్ళు కలిపారనుకుంటారు. నోట్లో పోసుకుంటే మాత్రం పచ్చి పోకచెక్క నమిలినట్టు చెంపలు లోపలికి లాక్కుపోతాయి.

ముక్కుగారు మొదటి సీసా నేలమాళిగ మెట్ల మీదే తెరిచాడు. ఎండిన గులాబీ రేకులు, అప్పుడే వేసిన రోడ్డు మీది తారు, అడుగున ఎక్కడో పుల్లటి చెర్రీ. వగరు తగ్గడానికి ఏళ్ళు పడుతుందనీ, తగ్గాక దీని ముందు మరేదీ నిలవదనీ హోటలు యజమానురాలికి మాటిచ్చి, పెట్టెలన్నీ కొనిపించాడు. బావమరిది కూడా ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు.

"ఇది తాగేదా బావా, తోలు ఊరబెట్టేదా?"

"నీకు అర్థం కాదులేరా. నువ్వు లారీ కడుక్కో."

అంతా బాగానే ఉండేది, నేలమాళిగ గోడలోంచి నీళ్ళు ఊరకపోతే. గోడ పగలగొట్టి గొట్టాలు మార్చాల్సొచ్చింది. ఆ పని సాగినన్నాళ్ళూ పెట్టెల్ని ఎక్కడ దాచాలన్నది సమస్య అయింది. "నా గోడౌను చల్లగానే ఉంటుంది, పంపించు" అన్నాడు బావమరిది. పంపారు. వానలు వెళ్ళాక తిరిగొచ్చాయి. ఒక పెట్టెకి కొత్త మేకులున్నాయి. దింపుతూనే, ఎవరూ అడగకముందే, "చెక్క విరిగింది బావా, మావాళ్ళు మళ్ళీ కొట్టారు" అని చెప్పాడతను.

తర్వాతి ఏడాది ముక్కుగారు ఒక సీసా తెరిచాడు. వాసన లేదు. గులాబీ లేదు, తారు లేదు. గ్లాసు తిప్పి, అరచేతుల్లో వెచ్చబెట్టి, మళ్ళీ ముక్కు పెట్టి చూశాడు. తలుపు వేసుకున్న ఇంటి ముందు నిలబడి పిలిచినట్టుంది. వగరు ఒక్కటే పలికింది.

ఇలాంటి వైను నడివయసులో కొన్నేళ్ళు మూగబోతుందని ఆయనకి తెలుసు. తెలియడమేమిటి, వడ్డించేవాళ్ళని వరసగా నిలబెట్టి ఆయనే పాఠం చెప్పేవాడు. "పదిహేనేళ్ళ పిల్లల్లాంటిదిది. గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. మీరు తలుపు తట్టకండి, ఆకలైతే అదే వస్తుంది" అనేవాడు. ఆ పాఠం చెప్పిన నోటితోనే ఆ రోజు ఆయన తనకి తాను చెప్పుకున్నది వేరు. మూగబోవడం నిజమే, కానీ ఇంతలా మూగబోదు. పైగా కొత్త మేకులు.

అసూయ మీద రాసినన్ని పుస్తకాలు అనుమానం మీద రాయలేదెందుకో నాకు తెలియదు. అసూయకి కనీసం ఎదురుగా ఒక మనిషి కావాలి. అనుమానానికి మేకు చాలు. నేను చాలా సరిహద్దులు దాటాను. పెట్టె విప్పి చూసే ఉద్యోగుల్ని గమనించాను. ఏమీ దొరకనప్పుడే వాళ్ళ కళ్ళు ఇంకా చిన్నవవుతాయి.

ముక్కుగారిదీ అదే వరస. బిరడా మీద రైతు ముద్ర సరిగ్గానే ఉంది. ముద్ర వేయించడం ఎంత పని, అనుకున్నాడు. వగరు అలాగే ఉంది. వగరున్న చవక వైను దొరకదా, అనుకున్నాడు. నిర్దోషమని చెప్పే ప్రతిదీ ఆయన చేతిలో పడి తెలివైన దొంగతనానికి సాక్ష్యమైపోయేది. ఎవరైనా తెరిస్తే తెలిసేలా నేలమాళిగ తలుపుకి దారం కట్టి వెళ్ళేవాడు. బావమరిది ఇంటికొస్తే షేక్‌హ్యాండ్ ఇచ్చే నెపంతో చొక్కా వాసన చూసేవాడు.

"పోలీసు కుక్కలా ఏమిటది?" అని భార్య అడిగితే, జలుబు చేసిందనేవాడు.

ఒక సీసాతో అనుమానం తీరలేదు. మరో పెట్టెలోది తెరిచాడు. అదీ మాట్లాడలేదు. ఇంకో పెట్టె. ఆగాల్సిన వైనుని ఆగనివ్వకుండా తీస్తూ పోయాడు. పాడైందని రాసేసి తొట్టిలో వంపేసేవాడు. ఆ పెట్టెల్లో సగం సీసాలు అతిథులు తాగలేదు, ఆయన అనుమానం తాగింది.

యజమానురాలికి మాత్రం చెప్పలేదు. చెబితే వ్యవహారం పోలీసుల దాకా పోతుందనీ, భార్య మొహం చూడలేననీ ఆయనకి తెలుసు. లోపలే దాచుకున్నాడు. అది ఒక ఆదివారం భోజనం దగ్గర బయటపడింది.

బావమరిది మామూలుగానే వచ్చి, అక్క వండిన మాంసం కూరని మూడోసారి వడ్డించుకుంటున్నాడు.

"ఏరా, ఆ పెట్టెకి కొత్త మేకులెందుకు పడ్డాయి?" అన్నాడు ముక్కుగారు.

"చెక్క విరిగిందని చెప్పానుగా బావా."

"చెప్పావు. అడగకముందే చెప్పావు."

"బాగుంది. అడగకముందు చెబితే ఒక తప్పు, అడిగాక చెబితే ఒక తప్పు. మరెప్పుడు చెప్పమంటావు, నిద్రలోనా?"

అక్క నవ్వింది. ముక్కుగారు నవ్వలేదు.

"సీసాల్లో ఉన్నది నువ్వు తెచ్చింది కాదు."

ఆమె చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది. తమ్ముడు బావ మొహంలోకి చూశాడు, పరాచికమేమోనని. కాదని అర్థమయ్యాక మూతి తుడుచుకుని, కుర్చీ చప్పుడు కాకుండా జరిపి, ఒక్క మాట కూడా అనకుండా లేచి వెళ్ళిపోయాడు. అంతటి మాటకారి.

"చూశావా, జవాబు లేదు" అన్నాడు ముక్కుగారు.

"నన్నెవరైనా తమ ఇంట్లో తిండి పెట్టి దొంగంటే నాకూ జవాబుండదు" అంది ఆమె. పళ్ళేలు తీసేసింది.

ఆ తర్వాత అతను ఆ గుమ్మం తొక్కలేదు. ఆమె గొడవేమీ పెట్టుకోలేదు. వంట మానలేదు, మాట మానలేదు. కానీ ఆదివారాలు తన భోజనం గిన్నెలో పెట్టుకుని తమ్ముడింటికి వెళ్ళి తిని వచ్చేది. ముక్కుగారు ఒంటరిగా తినేవాడు. ఆమె నాతో అంది: "వాడు మా ఇంటికి రావాలంటే ఈయన మాట వెనక్కి తీసుకోవాలి. ఈయన తీసుకోవాలంటే ఆ సీసా నోరు విప్పాలి. సీసా నోరు విప్పేదాకా నా తమ్ముడికి నా ఇల్లు లేదన్నమాట. ఎక్కడైనా విన్నారా ఇలాంటి సంసారం?"

వినలేదని ఒప్పుకున్నాను.

ఏళ్ళు గడిచాయి. మిగిలిన సీసాల మీద ముక్కుగారికి అసహ్యం పుట్టి ముట్టుకోవడమే మానేశాడు. ఆ వైనుకి ఆయన చేసిన మేలు అదొక్కటే. ఒకనాటి ఉదయం వంటమనిషి మాంసం ఉడికించడానికి ఎర్ర వైను కావాలని అడిగితే, "ఇది తీసుకుపో, దీనికి అంతకన్నా గతి లేదు" అని వాటిలో ఒకటి తెరిచి ఇచ్చాడు. అలవాటు కొద్దీ కాస్త గ్లాసులో వంచుకుని, పైనుంచి పిలుపొస్తే మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనాల హడావుడి అయ్యాక తిరిగొచ్చాడు. సగం మెట్లు దిగేసరికి వాసన తగిలింది. ఆగాడు. పైకెక్కి వంటింట్లోకి వెళ్ళాడు.

"సెంటు పూసుకుని నేలమాళిగలోకి ఎవరు దిగారు?"

"మాకు ఉల్లిపాయ సెంటు తప్ప ఏముంది ముక్కుగారూ" అన్నాడు వంటమనిషి.

నమ్మకుండానే మళ్ళీ దిగాడు. తలుపు వెనకా, అరల మధ్యా వెతికాడు. చివరికి గ్లాసు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంచు ఇటుక రంగుకి తిరిగింది. ఎండిన గులాబీ. తారు. నోట్లో పోసుకుంటే వగరు పట్టుబట్టలా మెత్తబడి ఉంది. పరుగెత్తుకెళ్ళి సీసాలో మిగిలింది అడిగితే, అప్పటికే అది మాంసంతో ఉడికిపోయింది.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాడు.

"అంటే వాడు దొంగ కాదన్నమాట."

"కాదు."

"ఆ ముక్క నాకు మొదట్నుంచీ తెలుసు. వెళ్ళి వాడికి చెప్పండి."

ముక్కుగారు యజమానురాలిని అడిగి ఒక సీసా తీసుకున్నాడు. మడ్డి అడుగుకి దిగేదాకా నిలబెట్టి ఉంచి, ఆదివారం పసిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని భార్యతో కలిసి బావమరిది ఇంటికి వెళ్ళాడు. గోడౌను మీది రెండు గదులు. అతను తలుపు తీసి, అక్కని లోపలికి రమ్మని, బావకి దారి మాత్రం ఇచ్చాడు.

ముక్కుగారు సీసా కదపకుండా నెమ్మదిగా గాజు కూజాలోకి వంచాడు. కొంతసేపు ముగ్గురూ ధరల గురించీ, వాన గురించీ మాట్లాడారు. తర్వాత ముక్కుగారు గ్లాసులో పోసి ముందుకు తోశాడు.

"ముందు నువ్వు తాగు బావా" అన్నాడు బావమరిది.

ముక్కుగారు తాగాడు. అప్పుడతను తీసుకుని, వాసన చూసి, ఒక గుక్క నోట్లో చాలాసేపు ఉంచుకున్నాడు.

"తప్పు నాదేరా. అది నిద్రపోయింది. నేను నిన్ను..."

"ఇది నేను తెచ్చింది కాదు" అన్నాడు బావమరిది.

"నువ్వు తెచ్చిందే!"

"నేను తెచ్చింది తాగితే నాలుక గీరుకుపోయింది. ఇది వెన్నలా జారుతోంది. అక్క బాధపడుతోందని ఎక్కడో ఖరీదైన సీసా పట్టుకొచ్చి, నా సీసా చీటీ దానికి అంటించావు."

"చీటీ చూడరా, పాతదే. బూజు కూడా పట్టి ఉంది."

"బూజు పట్టించడమేగా నీ ఉద్యోగం."

ముక్కుగారు సీసాని వెలుతురు వైపు తిప్పి చూపించాడు. రైతు గురించి చెప్పాడు, ద్రాక్ష గురించి చెప్పాడు, వగరు ఎలా మెత్తబడుతుందో చెప్పాడు. మాట పెరిగిన కొద్దీ తన గొంతే తనకి అబద్ధంలా వినిపించసాగింది. సాయానికి భార్య వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి లారీలు చూస్తోంది.

"మరి ఎలా చెబితే నమ్ముతావు?" అన్నాడు చివరికి.

"నాకేం తెలుసు బావా. నాకు తెలిస్తే ఆ రోజు నేనే చెప్పేవాణ్ణి. ఏం చెప్పాలో తెలియకే లేచిపోయాను. నువ్వు కూడా లేచిపోతావేమోనని చూస్తున్నా."

అతను నిజంగా నమ్మలేదో, ఆటపట్టిస్తున్నాడో ముక్కుగారికి అర్థం కాలేదు. నాకు చెప్పేనాటికి కూడా అర్థం కాలేదు. అక్కకి తెలుసేమో, అడిగితే ఆమె చెప్పదు.

ముక్కుగారు లేవలేదు. కుర్చీని బల్లకి ఇంకాస్త దగ్గరగా లాక్కున్నాడు.